మైలవాళ్ల వరస

అనితకు కూర్చున్న చోట కాలు నిలవదు. సాలూరులో మా లారీ ఓనర్ల ఆఫీసులో లోడ్ల వరస ఏడాదిగా ఆ పిల్ల రాసిన ప్రోగ్రామే నడుపుతోంది. అంతకుముందు ఆ వరస నా పుస్తకంలో ఉండేది. నేను గుమస్తా జగన్నాధాన్ని. ఓనర్ల ఫోన్లలోని యాప్, రికార్డుల్ని నేరుగా తాకదట. డేటాబేస్‌లోనే ఆమె రాసిపెట్టిన స్టోర్డ్ ప్రొసీజర్‌ని పిలుస్తుంది, అది ఏ లారీ ముందో తీసి ఇస్తుంది. ఆమె ఇది పదిసార్లు చెప్పింది. నేను పదిసార్లూ తలూపాను.

నిన్న పొద్దున్న దాలయ్య గుండుతో వచ్చాడు. తండ్రి పోతే కర్మ అయ్యేదాకా లారీ ఆపాడు. ఆపిన రోజు అతనిది మూడో నంబరు, ఈపాటికి అందరికంటే ముందుండాలి. ఫోన్లో చూస్తే నలభై మూడు. పదకొండింటికి రాయ్‌పూర్ లోడు.

"పుస్తకం ఉన్నప్పుడు మైలవాళ్ల వరస ఎక్కడికీ పోయేది కాదు గదా, జగన్నాధం బావా," అన్నాడు. గొంతు పెంచలేదు. నాకు ప్రాణం చివుక్కుమంది.

అనిత లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. "లారీ మళ్లీ వరసలోకొచ్చిన తేదీ పట్టి నంబరు తియ్యమని రాసేను బాబాయ్. మైలకి వేరే కట్టుబాటు ఉన్నాదని నాకెందుకు సెప్పలేదు?"

"అందరికీ తెలిసిందే గదే. నువ్వడగలేదు."

అనేసి నాలుక కరుచుకున్నాను. ప్రతిసారీ వివరాల గడిలో 'మైల' అని కొట్టింది నేనే. ఆ దిక్కుమాలిన గడిని ప్రొసీజర్ చదవదని నాకేం తెలుసు?

అనిత గోళ్లు కొరుక్కుంటూనే ప్రొసీజర్‌ని మార్చింది. మైల అని ఉంటే ఇకమీదట పాత తేదీయే లెక్క. ఒక్కచోట మారిస్తే అందరి ఫోన్లలోనూ మారింది. పది నలభైకి దాలయ్య పేరు పైకొచ్చింది, అతను లారీ దగ్గరకు పరుగెత్తాడు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ పిల్ల ఊరుకుంటేనా? ఏడాదిలో మైల పడ్డ రికార్డులన్నీ తీసింది. ఐదు. నాలుగోది కూర్మయ్యది.

కూర్మయ్య భార్య మాఘంలో పోయింది. తిరిగొచ్చి తన వరస అడిగితే, "కంప్యూటర్ సెప్పిందే వరసరా," అని నేనే పంపేశాను. పోయి చివర నిలబడ్డాడు. రెండు నెలలకు లారీ అమ్మేశాడు.

అనిత నంబరు నొక్కి ఫోను నా చేతిలో పెట్టింది. "నువ్వే సెప్పు బాబాయ్."

అటునుంచి కూర్మయ్య నవ్వుతూ పలికాడు.

"ఏటి బావా, నా వరస వచ్చిందేటి?"