పోటు, పాటు, పర్ర

మొన్న ఉదయం మా మనవరాలు వీధి గదిలో కాళ్ళు చాపుకుని కూర్చుని పేపరు పైకి చదువుతోంది. ఎవరో ఒక మంత్రిగారిని సభలో నిలదీసిన సంగతి అది. వీధిలో పోయేవాళ్ళకి కూడా వినబడేంత గొంతుతో చదువుతుంటే, లోపల బియ్యం ఏరుకుంటున్నదాన్ని నాకు తెలియకుండానే లేచివెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. ఎందుకు అమ్మమ్మా అని అది నవ్వింది. నా ఈడువాళ్ళు మాత్రం నవ్వరనుకుంటాను. పేపరు విప్పేముందు వీధి వైపు ఒకసారి చూసుకునే అలవాటు ఉన్నవాళ్ళు మనలో ఇంకా కొందరు మిగిలే ఉంటారు.

అప్పుడు నాకు పంతొమ్మిదో ఏడు. గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన ఉన్న మా ఊళ్ళో నాన్నగారు మిషను బడికి హెడ్మాస్టరు, ఆదివారాలు గుడిలో వాక్యం చెప్పేదీ ఆయనే. నేను ఆయన కిందే చిన్న తరగతులకి పంతులమ్మని. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. రాజమండ్రిలో చదువుకుంటున్న అన్నయ్య, ఊరంతా స్వదేశీ మాటలతో అట్టుడికిన ఆ ఏడాది, చదువు మధ్యలో ఆపేసి ట్రంకుపెట్టె అడుగున పేపర్లు దాచుకుని ఇంటికొచ్చేశాడు. దొరల దయవల్లే మనం నాలుగక్షరాలు నేర్చుకున్నామని నాన్నగారు, నేర్చుకున్న అక్షరాలు దేనికని అన్నయ్య, నాలుగు రోజులు వాదించుకుని ఆ తర్వాత మాటలే మానేశారు. ఇద్దరి మధ్యా అన్నం వడ్డిస్తూ నేను. ఆ రోజుల్లో నా మనసు ఒక్క చోట నిలిచేది కాదు. అన్నయ్య లేనప్పుడు పెట్టె తెరిచి ఆ పేపర్లు దొంగతనంగా చదివేదాన్ని. చదివిన తర్వాత బళ్ళో ఎక్కాలు చెప్పించడం, పొయ్యి రాజేయడం, అన్నీ ఎవరి పనో నేను చేస్తున్నట్టుండేవి.

అలాంటప్పుడు బళ్ళో ఒక చిన్న సంగతి జరిగింది. సముద్రం నీళ్ళు వెనక్కి తీయడాన్ని ఏమంటారో రాయమంటే, చేపలు పట్టేవాళ్ళ పేట నుంచి వచ్చే పిల్ల ఒకతె పలక మీద 'పాటు' అని రాసింది. పుస్తకంలో 'ఆటు' అని ఉంది కనుక నేను తప్పు పెట్టాను. మర్నాడు ఆ పిల్ల మామ్మ చేపల తట్ట గుమ్మం దగ్గర దించి, తరగతిలోకి వచ్చి నిలబడింది.

"పంతులమ్మగారూ, నీళ్ళు వచ్చేది పోటు, పోయేది పాటు. మా పిల్ల రాసింది తప్పెలా అయిందండి?"

ఆ సాయంత్రమే అన్నయ్య వాడి పారేసిన నోటుపుస్తకంలో మిగిలిన తెల్ల కాగితాల మీద ఆ రెండు మాటలూ రాసుకున్నాను. అక్కడి నుంచి అదొక పిచ్చి పట్టుకుంది. గాలులకి పేర్లు, వలల్లో రకాలు, నది కడుపులో ఇసుక మేట వేసే తీరుని బట్టి నీటి రంగుకి పేర్లు, ఏ పుస్తకంలోనూ లేనివి మామ్మ నోట్లో ఉండేవి. పేట చివర ఆవిడ వల బాగుచేసుకుంటుంటే పక్కన కూర్చుని రాసుకునేదాన్ని. కొన్నాళ్ళకి 'గారూ', 'అండీ' పోయి, నన్ను 'నువ్వు' అనడం మొదలుపెట్టింది. నాకు అమ్మ లేదు కదా, ఆ 'నువ్వు' కోసమే సగం వెళ్ళేదాన్నేమో.

ఒకరోజు ఆవిడే ఒక కోరిక కోరింది. ఊరికే మాటలు తీసుకుపోతున్నావు గదా, మీ అన్న దగ్గర పేపర్లున్నాయంట, వాటిల్లో ఏముందో మాకూ చదివి చెప్పు, అంది. బడి సంచిలో పుస్తకం కింద పేపరు పెట్టుకు వెళ్ళి చదివాను. వంగదేశం సంగతులు, గుడ్డల సంగతులు అన్నీ ఓపిగ్గా విని, చివరికి ప్రతిసారీ ఒకటే అడిగేది. ఉప్పు గురించి ఏమైనా రాశారా అని. చేపలు ఎండబెట్టుకోవాలంటే ఉప్పు కావాలి. కళ్ళెదుట నేల మీద తేరిన ఉప్పు చేత్తో తీసుకుంటే నేరం, ఉప్పు బంట్రోతులు పట్టుకుపోతారు. దాని గురించి పేపరు వాళ్ళకి ఎందుకు తెలియలేదని ఆవిడకి ఆశ్చర్యం. నాకు సిగ్గు.

నేను మాటలు రాసే పద్ధతి చాలా నిక్కచ్చిగా ఉండేది. మాట, అర్థం, ఎవరు చెప్పారు, ఏ సందర్భంలో చెప్పారు, అన్నీ ఉండాలి. అలా ఉంటేనే పెద్దవాళ్ళు నమ్ముతారని నా ఊహ. ఒక పేజీలో 'పర్ర' అని రాసుకున్నాను. చవిటి నేల. మడచెట్ల వెనక, పాత కాలవ మలుపులో ఉన్నది. ఎండాకాలం దాని మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. మామ్మ వాళ్ళు తట్టలతో తెచ్చుకుంటారు. ఇంత వివరంగా రాసి, చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

వేసవి మొదట్లో ఒక పొద్దున్నే పోలీసు అధికారి ఒకాయన ఇద్దరు జవాన్లతో మా ఇంటికొచ్చాడు. అన్నయ్య పెట్టె తిరగేశారు. అన్నయ్య పేపర్లు ముందే కాల్చేశాడు. ఇల్లంతా వెతికితే దొరికింది, అట్ట మీద అన్నయ్య పేరున్న నా పుస్తకం. అధికారి నాలుగు పేజీలు తిప్పి, ముఖం మార్చి అన్నయ్యని అడిగాడు.

"పెద్దపోటు, పౌర్ణమికి, అని రాసుంది. పౌర్ణమికి ఎవరిని పొడుస్తారు?"

తర్వాత గాలం అంటే ఎవరు, ఎర అంటే ఎవరు అని అడిగాడు. అన్నయ్యకి ఆ మాటలేవీ తెలియవు. నాన్నగారు గోడకి ఆనుకున్నారు. అన్నయ్యని తీసుకుపోతారని అర్థమై నేను ముందుకొచ్చి, పుస్తకం నాదని, అవి కత్తిపోట్లు కావు సముద్రపు పోట్లని చెప్పాను. ఆయన నమ్మకపోతే మొదటి పేజీ నుంచి ఒక్కొక్క మాటా విడమర్చి చెప్పడం మొదలుపెట్టాను. ముందు భయంతోనే చెప్పాను, అబద్ధమెందుకు, పోను పోను గర్వంతో చెప్పాను. నా మాటల్ని అంత శ్రద్ధగా విన్నవాళ్ళు అప్పటివరకూ ఎవరూ లేరు. పర్ర పేజీ దగ్గర కూడా నేను ఆగలేదు.

అధికారి అన్నయ్యని వదిలేసి పుస్తకం మాత్రం తీసుకుపోయాడు. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. బియ్యం కడుగుతుంటే నాకు ఆ పేజీ గుర్తొచ్చింది. చేతులు అలాగే నీళ్ళలో ఉండిపోయాయి. పేటకి వెళ్ళొస్తానంటే, వీధి చివర జవాను కూర్చున్నాడు, ఇవాళ గడప దాటి బడికి తప్ప ఎక్కడికీ వెళ్ళవద్దని నాన్నగారు గట్టిగా చెప్పారు. మధ్యాహ్నం బడికి వెళ్ళాను. మామ్మ మనవరాలు రెండో వరసలో కూర్చునే ఉంది. దాన్ని దగ్గరికి పిలిచి, పర్ర వైపు వెళ్ళొద్దని మీ మామ్మకి చెప్పు అంటే సరిపోయేది. ఆ పిల్ల ఎవరితోనైనా అంటే మళ్ళీ అన్నయ్య మీదికి వస్తుందేమోనన్న భయంతో, గంట కొట్టేదాకా దానికి కూడికలు దిద్దుతూ కూర్చున్నాను.

మర్నాడు ఉప్పు బంట్రోతులు పర్రలో మామ్మని పట్టుకున్నారు. నెల్లాళ్ళు ఖైదు వేశారు.

జరిగింది నాన్నగారికి చెప్పేశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఆ ముసలామెని విడిచిపెట్టమని కోరుతూ అర్జీ రాసి, కింద తన పేరు, హోదా రాసి సంతకం పెట్టారు. అన్నయ్య దాని మంచి ప్రతి రాశాడు. అంత కాలానికి మళ్ళీ వాళ్ళిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. అర్జీ వల్ల ప్రయోజనమేమీ కలగలేదు గాని, ఏటా వచ్చే మిషను దొరగారు మాత్రం ఆ ఏడాది మా ఇంటి గుమ్మం తొక్కలేదు.

మామ్మ తిరిగొచ్చాక వెళ్ళాను. చిక్కిపోయింది. నేను చెప్పాలనుకున్నదంతా చెప్పేదాకా వల మీదనుంచి తల ఎత్తలేదు.

"మాటలు ఇచ్చినందుకు నాకేం బాధ లేదండి," అంది. "ఆ పూట మా పిల్ల మీ ఎదురుగానే కూర్చుంది గదండి. దానితో ఒక్క ముక్క చెప్పి పంపలేకపోయారా?"

పుస్తకం పోలీసుల చేతిలో పడ్డందుకు క్షమాపణ చెప్పుకోవడానికి సిద్ధపడి వెళ్ళాను. దీనికి సిద్ధపడలేదు. అంతకంటే ఆ 'అండి' నన్ను చంపేసింది. పిల్లని బడి మాన్పించలేదు, మా ఇంటికి చేపలు తేవడం మానలేదు. కొత్త మాట మాత్రం మళ్ళీ ఒక్కటీ చెప్పలేదు. అడిగితే, మీకు తెలియనిదేముందండి, అని తట్ట ఎత్తుకునేది.

పుస్తకం తిరిగి రాలేదు. జ్ఞాపకమున్నంతవరకూ మళ్ళీ రాసుకున్నాను, ఎవరు చెప్పారో, ఎక్కడిదో రాయకుండా. ఉప్పు కోసం దేశమంతా కదిలిన రోజులు తర్వాతెప్పుడో వచ్చాయి. అప్పటికి మామ్మ లేదు. పేపర్లు వరసగా ఉప్పు గురించే రాస్తుంటే, చదివి వినిపించాల్సిన మనిషి లేక, ఇంట్లో అటూ ఇటూ తిరిగాను.

ఇప్పుడు ఉప్పు నేరం కాదు, చదువు నేరం కాదు. సంతోషమే. మొన్నామధ్య బస్సులో ఆ దారిన వెళ్ళాను. పర్ర అంతా సరుగుడు తోట వేశారు, నేల కనబడనంత పచ్చగా ఉంది. పక్కన కూర్చున్న ఒక కాలేజీ అమ్మాయి, ఇక్కడ ఇంతకుముందు ఏముండేదండీ అని అడిగింది. పర్ర అన్న మాట నోటిదాకా వచ్చింది. తెలియదమ్మా అన్నాను.