అంటుకోని కర్పూరం

దయ్యం కనిపించిందని ఎవరైనా అంటే, ముందు అన్నం తిన్నావా అని అడిగే రకం నేను. ఇప్పటికీ అంతే. కానీ పందొమ్మిదివందల యాభైల్లో మా ఆదోని ఇంట్లో జరిగిన ఈ ఒక్కటీ నాకు మింగుడుపడలేదు.

మా నాయన గుడిలో అర్చకుడు. అన్న రాఘవ మద్రాసులో రసాయనశాస్త్రం పరిశోధన చేస్తూ, క్షయ పట్టుకుని ఇంటికి వచ్చేశాడు. వచ్చి ఊరుకుంటాడా! వెనకగదిలో గాజుకుప్పెలు పెట్టుకున్నాడు. ఎమ్మిగనూరు అద్దకాల వాళ్ల దగ్గర మైలుతుత్తం తెప్పించి, అందులోని రాగిని రకరకాల ఆమ్లాలతో కలిపి నీలం పలుకులు చేసేవాడు. వాటితో కర్పూరాన్ని మార్చాలని పట్టుదల.

"కర్పూరం కీటోన్ జాతిది పాపా. అగ్గి పెడితే అంతా కాలిపోతాది. నాకట్లొద్దు. గాలిలో ప్రాణవాయువు దాంట్లో ఒక్క తావునే చేరల్ల. ఆ తావు చూపించేదానికే ఈ రాగి," అని నాతో అనేవాడు.

నాయనకు ఒళ్లు మండేది. "దేవుని కర్పూరం ఉడకబెట్టే సదువేం సదువురా!"

"కుదిరితే అది హారతికి అంటుకోదు నాయనా. ఆ పొద్దన్నా శభాష్ అంటావా?"

నాయన కండువా దులుపుకుని గుడికి వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట కోసం అన్న ఎంత ఎదురుచూశాడో నాకు తెలుసు.

చివరి కుప్పెలో కర్పూరం, నీలం పలుకులు వేసి బిరడా పెట్టాడు. వేడి చేసే ఓపిక లేక, "రేపు చేస్తాలే" అని పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. అమ్మ ఆ గదికి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది.

సూతకం తీరిన పొద్దున నాయన పూజకు కూర్చుంటే కర్పూరం లేదు. ఆవిరైపోకుండా డబ్బాలో మిరియాలు వేయడం ఆ దుఃఖంలో అమ్మ మరిచిపోయింది, అంతా హరించుకుపోయింది. "వాని గదిలో ఉంటాది, తేపో," అన్నాడు నాయన.

అమ్మ దగ్గర చెవి తీసుకుని తాళం తీశాను. కిటికీ మూసే ఉంది. స్పిరిట్ దీపంలో అన్న వేసిన కొత్త వత్తి తెల్లగానే ఉంది, ఎవరూ అంటించలేదు. కుప్పె పట్టుకుంటే మాత్రం వెచ్చగా తగిలింది, ఇప్పుడే పొయ్యి మీంచి దించినట్టు. బిరడా తీసి, మెడ లోపల తెల్లగా పేరుకున్నది గీకి తెచ్చాను. ఏడ్చి ఏడ్చి ముక్కు బిగుసుకుపోయి నాకు వాసన తెలియలేదు.

నాయన అగ్గిపుల్ల గీశాడు. అది కరిగింది, అంటుకోలేదు. ఇంకో పుల్ల గీశాడు. ఊహూ. పళ్లెం ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది కర్పూరం వాసన కాదే!" అన్నాడు. జన్మంతా కర్పూరం ముట్టించిన మనిషి, ఆయనకు వేరే చెప్పాలా! పళ్లెం కింద పెట్టి బావురుమన్నాడు.

"శభాష్ రా రాఘవా! శభాష్ నాయనా!" అని ఆ గది వైపు తిరిగి అరిచాడు.

కాసేపటికి మళ్లీ వెళ్లి కుప్పె ముట్టుకున్నాను. చల్లబడిపోయింది. దాన్ని ఎవరు వేడి చేశారో నాకు ఈరోజుకీ తెలియదు. నాయన అన్న మాట మా అన్నకు వినిపించిందో లేదో, అదీ తెలియదు.