వియ్యాలవారి ఇంజను

ఆ రోజుల్లో మా కొల్లేటి పల్లెల్లో ఇంటికొచ్చిన మనిషిని "భోంచేశారా?" అని అడిగేవాళ్లు కాదు. అడిగితే పెట్టే ఉద్దేశం లేదనుకుంటారని భయం. వాళ్లు ఎక్కడ తిని వచ్చారో, ఎంత తిని వచ్చారో మనకనవసరం. విస్తరి వెయ్యడం, వడ్డించడం, చాలని చెయ్యి అడ్డం పెడితే ఆ వేళ్ల సందుల్లోంచే మరో గరిటె పప్పు జార్చడం, అదీ మర్యాద. (మా చిన్నాన్న ఒకరు పెళ్లిచూపులకని వెళ్లి, ఆ భోజనం తర్వాత పిల్లని చూడడానికి కళ్లు తెరవలేకపోయారు.) ఆ మర్యాద మనుషుల దగ్గర ఆగిపోయి ఉంటే నాకు చెప్పడానికేమీ ఉండేది కాదు. మా అత్తవారింట్లో అది ఇంజను దాకా వెళ్లింది.

నాకప్పుడు కొత్తగా పెళ్లయింది. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, తాడేపల్లిగూడెం దగ్గర పుట్టి ఏలూరుకి ఇవతల కొల్లేటి ఒడ్డున రొయ్యల చెరువున్న ఇంటికి వచ్చాను. రొయ్యలంటే నీళ్లలో ఉంటాయి కదా, వాటికేం కావాలి అనుకునేదాన్ని. నీళ్లలో గాలి కావాలట. అందుకోసం చెరువులో ఏరియేటర్లని చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటాయి. అవి ఆగితే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి, ఇంకాసేపటికి పోతాయి. కరెంటు పోతే చక్రాలు ఇంజనుతో తిప్పాలి. మా వాళ్ల పాత ఇంజను చేతులెత్తేస్తే, గూడెంలో లారీల షెడ్డు నడిపే మా మేనమామ ఒక లారీ ఇంజనుకి డైనమో బిగించి తెచ్చిపెట్టాడు. ఊరికే ఇచ్చింది కాదు, మా మావయ్యగారు కొనుక్కున్నదే. అయినా మా వైపు నుంచి వచ్చింది కాబట్టి వీధి వీధంతా దానికి 'కోడలి ఇంజను' అని పేరు పెట్టేశారు.

అంతకు ముందు పంట రోగమొచ్చి పోయింది. "ఈసారి కూడా పోతే చెరువు పూడ్చేసి వరి వేసుకుందాం, ఇంక నాకు ఓపిక లేదు," అని మావయ్యగారు అనేశారు. మా ఆయనకి ఆ చెరువంటే ప్రాణం. నా భయం ఇంకొకటి. రోగమొచ్చి పోతే అది దేవుడి మీద పడుతుంది, ఇంజను ఆగి పోతే మాత్రం మా గూడెం వాళ్ల మీద పడుతుంది. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ "వాళ్ల ఇంజనే కదా ముంచింది" అనే మాట గుమ్మంలో కూర్చుంటుంది.

బిగించిన రోజున మా మేనమామ నన్ను షెడ్డులోకి పిలిచి పాఠం చెప్పాడు. "ఇదిగో నత్తలా చుట్టుకుని ఉంది చూడు, ఇది టర్బో. ఇంజనుకి గాలి కూరి పెడుతుంది. దీని లోపల ఇరుసు మహా జోరుగా తిరుగుతుందే అమ్మడూ, అందుకని ఆయిలు పారుతూనే ఉండాలి. ఈ సన్న పైపులోంచి ఎక్కుతుంది, ఈ లావు పైపులోంచి కిందకి దిగిపోతుంది. ఎక్కకపోతే మాడిపోతుంది. దిగకపోతే పొంగిపోతుంది. ఈ పుల్ల లాగి చూస్తే రెండు గీతలుంటాయి, ఆయిలు ఆ రెండింటి మధ్యనే ఉండాలి. స్టార్టు చెయ్యగానే రేజు చెయ్యొద్దు, కాసేపు మెల్లగా తిరగనివ్వు, ఆయిలు పైదాకా ఎక్కాలి. ఒకవేళ ఎప్పుడైనా అది తన ఆయిలు తనే తాగడం మొదలెట్టిందనుకో, డీజిలు కట్టేసినా ఆగదు. ముక్కు మూసెయ్యాలి. గుడ్డ పెట్టకు, లాగేసుకుంటుంది. గట్టి పలక పెట్టు." నాకు బడిలో పద్యం ఒక్కటీ నిలవలేదు గాని, ఎవరైనా ఎదురుగా చెప్పిన మాట మాత్రం అరిగిపోదు.

ఇంక మా వాళ్ల మర్యాద మొదలైంది. వియ్యాలవారింటి నుంచి వచ్చిన ఇంజను కదా, దానికి లోటు జరిగిందని రేపు గూడెంలో అనుకోకూడదు. అత్తయ్యగారు దాని మీద దుమ్ము తుడిచేవారు, ఎండపడకుండా పరదా కట్టించారు. ఆయిలు డబ్బా పక్కన స్టీలు చెంబు ఒకటి పెట్టించారు. ఆ పుల్ల లాగి చూడడం మాత్రం ఎవరికీ మనస్కరించేది కాదు. లాగి చూడడమంటే "భోంచేశారా?" అని అడిగినట్టే కదా!

ఆ ఆదివారం పొద్దున్న మావయ్యగారు గుడికి (మా వైపు చర్చిని గుడనే అంటాం) బయలుదేరే ముందు ఇంజనుకి ఒక చెంబు ఆయిలు పోశారు. ఆయన వెనకాల అత్తయ్యగారు, "రాత్రంతా తిరిగింది పాపం," అని ఒక చెంబు పోశారు. మా ఆయన చెరువు చూసి వస్తూ ఒక చెంబు పోశారు. ఎవరు పోసింది ఎవరికీ తెలియదు. ఆఖర్న నేను వెళ్లాను. పుల్ల మీద చెయ్యి వేశాను కూడా. అంతలో గట్టు మీద అత్తయ్యగారు కనిపించారు. ఇప్పుడు లాగి చూస్తే 'మా ఇంజనుకి మీరు సరిగ్గా పెట్టట్లేదా' అని అనుమానించినట్టుంటుందని చెయ్యి తీసేసి, నేనూ ఒక చెంబు పోసేసి గుడికి వెళ్లిపోయాను.

గుడి నుంచి వచ్చేసరికి ఆకాశం మూసుకుపోయింది. ఆకు కదలడం లేదు. అలాంటి ఉక్కపూట చెరువులో గాలి మరీ పలచబడిపోతుంది. భోజనాలకి కూర్చోబోతుంటే ఒక్కసారిగా ఈదురుగాలి లేచింది, ఎక్కడో తీగ తెగినట్టుంది, కరెంటు పోయింది. పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మడానికి, ఐసు లారీ రావాల్సింది మర్నాడే. ఆదివారం బట్టల్లోనే నలుగురం చెరువు మీదకి పరిగెత్తాం.

మా ఆయన ఇంజను స్టార్టు చేశారు. చక్రాలు తిరిగాయి. మావయ్యగారు "హమ్మయ్య" అని షెడ్డు గుమ్మంలో తన పీట వేసుకుని కూర్చున్నారు. (ఆయన ఎక్కడ కూర్చున్నా ఆ పీట మీదే. దాని మీద ఇంకొకరు కూర్చోవడం నేను చూడలేదు.) నేను కొత్త కోడలిని, ఆయన ఎదురుగా గట్టిగా మాట్లాడింది లేదు. స్తంభం చాటున నిలబడ్డాను. కాసేపటికి పొగగొట్టంలోంచి తెల్లటి పొగ లేచింది. తెలుపు నీలమైంది. మాడిన ఆయిలు కంపు.

"ఏంట్రా ఆ పొగ?" అన్నారు మావయ్యగారు.

"వేడెక్కుతుంది నాన్నగారూ, తగ్గిపోద్ది," అన్నారు మా ఆయన. తగ్గలేదు.

అత్తయ్యగారు గబగబా చెంబు నింపుకుని వచ్చేశారు. "ఆయాసపడుతుందిరా పాపం, నీరసమొచ్చేసింది. ఇంకాస్త పోద్దాం, తప్పుకోండి."

స్తంభం చాటు నుంచి ఒక్క అంగలో వచ్చి పుల్ల లాగితే అప్పుడు తెలిసింది నాకు. పై గీతకి జానెడు పైదాకా తడి. దిగకపోతే పొంగిపోతుంది అన్న మాట చెవిలో మోగింది. "వద్దండీ అత్తయ్యగారూ!" అని ఆయిలు పోసే మూత మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ ఎన్నేళ్లుగానో చేసిన అలవాటున నా వేళ్ల సందుల్లోంచి పోసేశారు! సగం నా చేతి మీద, సగం ఇంజను మీద.

అప్పుడు మారింది దాని గొంతు. ఎవరూ రేజు చెయ్యకుండానే దానంతటదే పెరగడం మొదలెట్టింది. షెడ్డులో బల్బు తెల్లగా వెలిగి టప్పుమని పగిలింది. మా ఆయన చక్రాల మోటార్లు కాలిపోతాయని మెయిన్ స్విచ్చి దించేశారు. బరువు తగ్గేసరికి ఇంజను ఇంకా రెచ్చిపోయింది. "డీజిలు కట్టేశానే, ఆగట్లేదే!" అని ఆయన అరుస్తుంటే మాట వినిపించడం లేదు, నోరు కదలడం కనిపిస్తోంది. రేకులు దడదడలాడుతున్నాయి. పొగలో ఒకరికొకరం కనిపించడం లేదు. అది ఇప్పుడో ఇంకాసేపట్లోనో బద్దలైపోతుంది, చక్రాలు అప్పటికే ఆగిపోయాయి.

ముక్కు మూసెయ్యాలి. గట్టి పలక. ఎక్కడుంది పలక? షెడ్డంతా చూశాను. గోనె సంచులు, వల, ప్లాస్టిక్కు బుట్టలు. పలక ఒక్కటే ఉంది, దాని మీద మావయ్యగారున్నారు.

"మావయ్యగారూ, లేవండి!"

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటమ్మా?" అన్నారు, ఎంతో మర్యాదగా.

"లేవండీ!" అని అరిచి, ఇంక ఆగలేక ఆ పీట పట్టుకుని లాగేశాను. ఆయన తెల్ల పంచెతో సహా గుమ్మంలో చతికిలబడ్డారు. గాలి పీల్చే పైపుకున్న డబ్బా ఊడలాగి, ఆ మూతికి పీట అడ్డం పెట్టి రెండు చేతులతో అదిమాను. పీటని ఎవరో లోపల్నుంచి పట్టి లాగినట్టు అతుక్కుపోయింది. ఇంజను ఒక్క కుదుపు కుదిపి, దగ్గి, మళ్లీ దగ్గి, ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఆ మోత కంటే భయంకరంగా ఉంది. గట్టు వారన నీటి మీద సన్నగా చిటపటమని చప్పుడు. రొయ్యల మీసాలు పైకి లేచి కనిపిస్తున్నాయి.

"ఏసయ్యా!" అంటూ అత్తయ్యగారు మేత చేట పట్టుకుని, గుడికి కట్టుకున్న తెల్లచీరతోనే చెరువులోకి దిగిపోయి నీళ్లు చిమ్మడం మొదలెట్టారు. మావయ్యగారు లేచి, బకెట్టు తీసుకుని ఆవిడ పక్కనే దిగారు. నేనూ మా ఆయనా ఇంజను కింద దూరాం. ఆయన కింది బోల్టు విప్పితే కాగుతున్న ఆయిలు బిందెలోకి పడుతోంది. నేను పుల్ల తుడిచి ముంచడం, చూడడం, "ఇంకా," అనడం.

"నేను ఒక్క చెంబే కదే పోశాను!" అన్నారు మా ఆయన.

"నేనూ ఒక్కటేనండి," అన్నాను.

చెరువులోంచి అత్తయ్యగారు, "మీరెందుకు పోశార్రా? నేను పోశాను కదా!" అన్నారు.

నీళ్లు చిమ్మడం ఆపకుండానే మావయ్యగారు మెల్లగా అన్నారు, "అందరికంటే ముందు నేనే పోసేనే."

నవ్వాలని ఎవరికీ తోచలేదు. రెండు గీతల మధ్యకి వచ్చాక బోల్టు బిగించాం. టర్బో నుంచి ఇంజనుకి వెళ్లే గాలి పైపులో ఆయిలు నిలిచిపోయి ఉంది, అది ఉంటే మళ్లీ తాగుతుంది. పైపు ఊడదీసి వంచేశాం. తుడవడానికి గుడ్డ లేకపోతే మా ఆయన పెళ్లిచొక్కా విప్పి లోపలికి కూరారు. మళ్లీ బిగించి స్టార్టు చేశాం. చప్పుడు మామూలుగానే ఉంది. ఆయన చెయ్యి వెంటనే రేజు మీదకి వెళ్లింది.

"ఆగండి! ఆయిలు పైదాకా ఎక్కాలి."

"అక్కడ చచ్చిపోతున్నాయే!"

"ఏవండీ, మీ కాళ్లు పట్టుకుంటాను, ఇప్పుడు రేజు చేస్తే ఇంజనూ ఉండదు, రొయ్యలూ ఉండవు." ఆయన చేతి మీద నా చెయ్యి వేసి పట్టుకున్నాను. చెరువులో అత్తయ్యగారి చేట చప్పుడు నెమ్మదిస్తోంది, ఆవిడకి ఓపిక అయిపోతోంది. చూరులోంచి వాన చినుకులు నా మెడ మీద పడుతున్నాయి. నేను కాలుతున్న పైపుల మీద కొంగు వేసి వేళ్లు ఆనించి, సన్న పైపులో ఆయిలు పారే అదురు తెలిసేదాకా, లావు పైపులో తెలిసేదాకా కూర్చున్నాను. ఎక్కింది. దిగింది. అప్పుడు చెయ్యి తీశాను.

చక్రాలు ఒక్కొక్కటే లేచి నీళ్లు చిమ్మాయి. చాలాసేపటికి మీసాలు ఒక్కొక్క వరసే నీటిలోకి దిగిపోయాయి. గట్టువార కొన్ని పోయాయి గాని, పంట దక్కింది. మర్నాడు ఐసు లారీ వచ్చింది. చెరువు పూడ్చే మాట మళ్లీ ఆ ఇంట్లో వినపడలేదు.

ఆ సాయంత్రం మాత్రం నేను మావయ్యగారి ఎదుటికి వెళ్లలేకపోయాను. ఆయనే వంటింటి గుమ్మంలోకి వచ్చి ఆ పీట నా ముందు పెట్టారు. దాని మీద పైపు మూతి అంత గుండ్రంగా నల్లటి మచ్చ. "దీని మీద నువ్వు కూర్చుని తినమ్మా. నేను లేవడం ఎలాగూ ఆలస్యమైపోతుంది," అన్నారు. అత్తయ్యగారు గరిటెతో అన్నం తెచ్చి నా విస్తట్లో వెయ్యబోయి, ఆగి, జీవితంలో మొదటిసారి అడిగారు: "గీత దాకా వచ్చిందా?"

ఇప్పుడు చెరువు మీద కొత్త జనరేటరుంది, కరెంటు పోగానే దానంతటదే లేస్తుంది. మావయ్యగారు లేరు. అత్తయ్యగారికి నేనే అన్నం కలిపి పెడుతున్నాను. చాలనిపించినప్పుడు ఆవిడ మాట్లాడకుండా గొంతు దగ్గర వేలితో అడ్డంగా ఒక గీత గీస్తారు, నేను ఆపేస్తాను. పీట మీద మచ్చ ఎంత తోమినా పోలేదు, ఇప్పుడు తోమడం మానేశాను. మొన్న సంఘం పెద్దల ఎదురుగా ఒక్క మాట చెప్పాల్సి వస్తే నోరు పెగలక స్తంభం చాటుకే వెళ్లాను. అక్కడ నిలబడి, మామగారి కింద పీట లాగేసిన ఆ పిల్లని తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది. ఆ పిల్ల ఒక్కసారి వచ్చి, నన్ను కూడా "లేవండీ!" అని అరిస్తే బాగుండుననిపించింది.