షో మేస్త్రీ కనబడని కీళ్ళు

కొందరికి పని చేయడం వచ్చు, చెప్పుకోవడం రాదు. కొందరికి చెప్పుకోవడమే వచ్చు. షో మేస్త్రీకి రెండూ వచ్చు, అదే ఆయనతో చిక్కు. పాత కార్ల బాడీ పనిలో ఆయనను మించినవాడు చుట్టుపక్కల లేడు. ఈ మాట ముందు ఆయనే అన్నాడు. ఆ తర్వాత పని చూసి జనం కూడా ఒప్పుకోక తప్పలేదు.

పదహారేళ్ళప్పుడు పక్కింటివాళ్ళ సైకిలు స్టాండు బాగుచేసి, గంట కొట్టుకుంటూ ఆ సైకిలును వీధి పొడుగునా మూడుసార్లు నడిపించాడట. షెడ్డు పెట్టాక, వెల్డింగు చేసిన చోట రెండు రోజులు రంగు పడనిచ్చేవాడు కాదు. వచ్చేపోయేవాళ్ళు అతుకు చూడాలి కదా! షో మేస్త్రీ అన్న పేరు అలా వచ్చిందే. ఇంట్లో కుళాయికి వాషరు మార్చినా సరే, భార్యను వంటింట్లోంచి పిలిచి మరీ నీళ్ళు వదిలి చూపించేవాడు. "నీళ్ళు రావడం నేనెప్పుడూ చూళ్ళేదనుకున్నారా?" అనేది ఆవిడ. అయినా చూసి వెళ్ళేది, పాపం.

ఊరందరి మెప్పూ దక్కింది గానీ ఒక్క మనిషి దగ్గర మాత్రం ఆయన డప్పు మోగలేదు. ఆ మనిషి ఆయన అత్తగారు.

ఆవిడ టైలరు. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. ఎవరు కుట్టిన బట్ట చేతికిచ్చినా ముందువైపు చూడదు. తిరగేసి చూస్తుంది. లోపల దారప్పోగులు వేలాడుతుంటే మారు మాట్లాడకుండా మడిచి ఇచ్చేస్తుంది. బాగుంటే "ఊఁ" అంటుంది. అంతకు మించి ఆవిడ నోట ఒక మెచ్చుకోలు మాట ఎవరూ విన్న పాపాన పోలేదు. ఇరవై ఆరేళ్ళుగా అల్లుడికీ ఆ "ఊఁ" తోనే సరి. ఆవిడ కొట్టు షట్టరు బాగుచేసినా ఊఁ, తుప్పుపట్టిన ఇనప మెట్లు కొత్తగా వేసిచ్చినా ఊఁ.

"ఆవిడ మెచ్చుకుంటే ఎంత, మెచ్చుకోకపోతే ఎంత!" అని మేస్త్రీ రోజుకు రెండుసార్లు అనేవాడు. నిజంగా పట్టనివాడు అన్నిసార్లు అనడు. "బాగుంది" అనే ఆ మూడక్షరాల కోసం ఆయన ఎంత ఆరాటపడుతున్నాడో భార్యకు తెలుసు. తెలిసి కూడా తల్లిని అడిగి ఇప్పించేది కాదు. అడిగి తెచ్చిన మెప్పు ఆయనకు రుచించదని ఆవిడకు తెలియదా?

ఇలా ఉండగా, టార్పాలిన్ పట్టా కింద ఎనిమిదేళ్ళుగా పడి ఉన్న మామగారి పాత కారును అత్తగారు షెడ్డుకు పంపింది. రెండే తలుపుల కారు. వయసులో ఆవిడకు అటూ ఇటూగా ఉంటుంది.

"అల్లుడుగారూ, మిగతాది మీ ఇష్టం. ఆ తలుపు కీళ్ళు మాత్రం బయటికి కనబడకూడదు," అంది. "గౌనుకు కుట్టు పైకి వేసినట్టు, కొన్న రోజు నుంచీ నా కంట్లో నలుసే. చెబితే మీ మామగారు నవ్వి ఊరుకున్నారు."

"అదెంత పని అత్తయ్యగారూ!" అనేశాడు మేస్త్రీ. ఆ రాత్రి పడుకున్నాక గాని సంగతి బోధపడలేదు. ఈ పని ఎంత బాగా చేస్తే అంత కనబడదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

అయినా చేశాడు, మూడు వారాలు ఒళ్ళు దాచుకోకుండా. బయటి కీళ్ళు కోసేసి, ఆ చోట రేకు అతికి నున్నగా సానపట్టాడు. కీలును ఊరికే లోపలికి నెడితే తలుపు తెరిచేటప్పుడు దాని ముందంచు మడ్‌గార్డును కొరుకుతుంది. అందుకని కీలు కొడవలిలా వంగి ఉండాలి. అప్పుడు తలుపు ముందొక అడుగు బయటికేసి, ఆ తర్వాత తిరుగుతుంది. ఆ వంపు కోసం అట్టముక్కలు పదకొండు కత్తిరించి పారేశాడు. పన్నెండోది కుదిరింది. దాని ప్రకారం మందపాటి ఇనపరేకు కోసి, పిన్ను వేసి, తలుపు బిగించాడు. చిటికెన వేలితో లాగితే వచ్చింది. మూస్తే చుట్టూ గోరు మందం సందు, ఎక్కడా ఎక్కువతక్కువ లేదు.

అక్కడితో ఆగి ఉంటే ఆయన షో మేస్త్రీ ఎందుకవుతాడు?

ఆదివారం పదింటికి బండి చూడ్డానికి వస్తానని అత్తగారు కబురు పెట్టింది. శనివారం ఆయన ఎవరికీ చెప్పకుండా డ్రైవరు వైపు కీళ్ళు విప్పి, పిన్నులతో సహా పట్టుకెళ్ళి క్రోమ్ పూయించాడు. తలుపు తీసిన మనిషికి అవైనా తళుక్కుమనాలని ఆశ. క్రోమ్ పూస్తే పిన్ను వెంట్రుకవాసి లావవుతుంది. ఆ సంగతి తెలియక కాదు, పనిలో చేరిన ప్రతివాడికీ మొదటి రోజు ఆయన చెప్పే పాఠమే అది. మోజు ముందు పాఠం నిలవలేదు. ఆదివారం తొమ్మిదింటికి ఆ పిన్నులను సుత్తితో బాది దింపి, దర్జాగా లోపల కూర్చుని తలుపు లాగాడు. మూసుకుంది. పిడి తిప్పాడు. గడియ వదిలింది గాని తలుపు ఇంచు కూడా కదల్లేదు.

రెండో తలుపు గోడను ఆనుకుని ఉంది. కిటికీలోంచి దూరబోతే భుజాలు వెళ్ళాయి, పొట్ట రానంది. పాత కీళ్ళయితే బయటినుంచి ఒక దెబ్బకు పిన్ను ఊడేది. ఇప్పుడు ఆయన దాచిన కీలు ఆయన సుత్తికే అందదు. అందే దారి ఒక్కటే. లోపల డాష్‌బోర్డు కింద రేకు విప్పి చెయ్యి పెట్టాలి. భార్యను కేకేసి సామాన్లు కిటికీలోంచి అందుకున్నాడు. తల కిందికి దూర్చి, కాళ్ళు సీటు మీదికెత్తి పడుకున్నాడు.

సరిగ్గా పదింటికి అత్తగారు వచ్చింది. "మీ ఆయనేడే?"

కూతురు కిటికీ వైపు చూపించింది. అక్కడ రెండు అరికాళ్ళున్నాయి.

"బాగున్నారా అల్లుడుగారూ?" అని ఆవిడ అరికాళ్ళను పలకరించింది.

"బాగున్నానండీ అత్తయ్యగారూ. కూర్చోండి. చివరి పరీక్ష చేస్తున్నా."

"తలకిందులుగానా?"

"కొన్ని పరీక్షలు ఇలాగే చెయ్యాలండీ."

ఆవిడ తలుపు అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చింది. ఎక్కడా కీలు జాడ తగల్లేదు. "ఊఁ," అంది. "ఏదీ, తియ్యండి. తిరగేసి చూడాలిగా."

తాళంచెవి కనబడలేదని చెప్పొచ్చు. రంగు ఆరలేదని చెప్పొచ్చు. ఆయన నాలుకకు అబద్ధాలు కరువా? కానీ తిరగేసి చూసే మనిషి దగ్గర అవెంతసేపు నిలుస్తాయి! పైగా ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాటకు ఇవాళ్టితో నీళ్ళు వదులుకున్నట్టేనని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"తలుపు రాదండీ," అన్నాడు డాష్‌బోర్డు కిందనుంచి. "నేనే చెడగొట్టాను. నిన్నటిదాకా వెన్నలా తిరిగింది. ఎవరికీ కనబడదే అని మనసాగక క్రోమ్ పూయించా. పట్టేసింది."

షో మేస్త్రీ నోట "నేనే చెడగొట్టాను" అన్న మాట! భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారు నవ్వలేదు, దెప్పలేదు. చేతిసంచి గోడ పక్కన పెట్టింది.

"అయితే విప్పండి. కుట్టు విప్పడానికి సిగ్గుపడితే బట్ట పాడవుతుంది. నన్నేం పట్టుకోమంటారు?"

ఇటుక మీద చెక్క పెట్టి, ఒక చివర తలుపు కిందికి తోసి, రెండో చివర ఆవిడ చేతికిచ్చింది కూతురు. లోపలినుంచి ఆయన చెబుతుంటే ఆవిడ తలుపు బరువు ఎత్తి పట్టింది.

"గోరంత పైకి... ఆపండి... ఇప్పుడు దారమంత కిందికి."

"దారమంత అంటే నాకు తెలుసులెండి, మీ పని చూసుకోండి."

పై పిన్ను ఊడగొట్టి, గరుకు కాగితంతో రుద్ది, క్రోమ్ పోయేదాకా రుద్ది, మళ్ళీ వేశాడు. తర్వాత కింది పిన్ను. ముచ్చటపడి పూయించిన పూతంతా పొడై ఆయన మొహం మీదే రాలింది. గంట పట్టింది.

అత్తగారు చెక్క వదిలేసి, పిడి తిప్పి, ఒక్క వేలితో లాగింది. తలుపు ముందొక అడుగేసి చప్పుడు లేకుండా తిరిగింది. ఆవిడ కళ్ళజోడు తగిలించుకుని వంగి, లోపలివైపు కీళ్ళను చూసింది. మెరుపు లేదు, తళుకు లేదు. మూసింది, తీసింది, మళ్ళీ వంగి చూసింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని తలకిందులుగానే ఉండిపోయాడు.

"బాగుంది," అంది అత్తగారు మెల్లగా.

డాష్‌బోర్డు కిందనుంచి గొంతు వచ్చింది.

"ఏమన్నారు అత్తయ్యగారూ? ఇక్కడికి సరిగా వినపళ్ళేదు."

అత్తగారు కళ్ళజోడు తీసి మడిచింది.

"వినపడకపోతే ఆ కాలివేళ్ళెందుకు అలా గంతులేస్తున్నాయి?"