మరచిపోయే యంత్రాల పోటీ

కంప్యూటరు ఆలోచిస్తూ ఉంటే మనుషులు దాని చుట్టూ కుర్చీలు వేసుకుని ఎదురుచూసిన కాలం ఒకటుండేది. ఇప్పుడు నా ఫోనులోని చదరంగం నేను వేలు తీసేలోపే ఎత్తు వేసి, పైగా నాకే సలహా చెబుతోంది. దానికి ఓపిక లేదు, నాకు దానిమీద గౌరవం లేదు. నేను చెప్పబోయేది ఇరవై నాలుగేళ్ల కిందటి ముచ్చట. అప్పటికి నాకు నలభై ఆరు. (అది పడుచుతనమేనంటే అప్పట్లో నేనే ఒప్పుకునేదాన్ని కాదు. డెబ్బై నుంచి వెనక్కి చూస్తే మాత్రం చిన్నపిల్లలాగే కనిపిస్తున్నాను.)

మదనపల్లెలో ఉండే మా తమ్ముడికి పాత చదరంగం కంప్యూటర్లు సేకరించే పిచ్చి. కంప్యూటరన్నానే గాని వాటికి తెర ఉండదు. పెట్టెలాంటి పలక, దానిమీద గళ్లు, గళ్ల అంచున చిన్న చిన్న ఎర్రదీపాలు. మనం పావును గడిలో నొక్కి పెడితే అది కీచుమని, కాసేపు ఆలోచించి, తన పావును ఎక్కడికి జరపాలో దీపాలు వెలిగించి చూపుతుంది. జరపాల్సింది మనమే. ఇదే పిచ్చి ఉన్నవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో మరో ఏడుగురు దొరికారు. ఒక ఆదివారం అందరూ తమ తమ యంత్రాలను దుప్పట్లలో చుట్టి, బస్సుల్లో ఒళ్లో పెట్టుకుని మా తమ్ముడి మేడమీదికి తెచ్చారు. ఆట యంత్రానికీ యంత్రానికీ. ఒకదాని ఎత్తును రెండోదానికి నొక్కి తెలియజేయడమే యజమానుల పని. ఎంత వెర్రి ఎత్తు చూపినా మారు మాట్లాడకుండా అదే వేయాలి.

నిర్ణేతను నేను. చదరంగం బాగా వచ్చని కాదు, పెళ్లిపత్రికలో ముహూర్తం ఒక్క నిమిషం తప్పుపడినా అచ్చాఫీసుకు తిప్పి పంపే మనిషినని. నియమాలు నేనే రాసి గోడకు అంటించాను. నాలుగో నియమం: ఆట మధ్యలో యంత్రం ఎత్తులు మరచిపోతే దాని యజమాని ఓడినట్టే. ఐదో నియమం: రెండు యంత్రాలూ మరచిపోతే, నిర్ణేత రాసుకున్న ఎత్తులను మొదటినుంచి రెండింటికీ ఎక్కించి ఆట కొనసాగించాలి. ఇంత పకడ్బందీగా రాసినందుకు ఆ ఉదయమంతా నాలో నేనే మురిసిపోయాను.

పుంగనూరు నుంచి వచ్చిన బట్టల కొట్టాయన యంత్రంలో ఎప్పుడో బ్యాటరీలు కారి, ఆ అర తుప్పు పట్టిపోయింది. అందువల్ల అది కరెంటు మీదే నడిచేది. కరెంటు పోతే అంతవరకు ఆడిందంతా మరచిపోయేది. కొన్న తొమ్మిదేళ్లలో ఒక్క ఆట కూడా చివరిదాకా వెళ్లలేదు. "గెలవాల అని లేదమ్మా," అన్నాడు పొద్దున్నే, నా దగ్గరికి వచ్చి మెల్లగా. "ఒక్క ఆట ముగిస్తే సాలు. ముగిసినాక ఇది ఏం సేస్తాదో నా కండ్లతో సూడాల."

ఆయనకు ఎదురుపడింది కుప్పం పక్క రామకుప్పం నుంచి వచ్చిన రైతు. రాగి చేలో పడే ఏనుగుల గురించి తప్ప మరో మాట ఎత్తని మనిషి. ఆయన యంత్రం బ్యాటరీలతో నడిచేది. ఆట మధ్యలో పుంగనూరు యంత్రం తన ఏనుగును ముందుకు దూకించింది.

"మా సేన్లో తొక్కేది సాలదని ఈడ కూడా ఏనుగునే తోల్తాండావా అప్పా?" అన్నాడు రైతు.

"నేను యాడ తోల్తాండాను? దీపం ఆడ వెలిగింది, నేను ఆడ పెట్టినా!"

ఆ ఏనుగు పోయింది, వెనకే ఒక గుర్రమూ పోయింది. బట్టల కొట్టాయనకు ఆ దిగులే లేదు. ఆయన చూపంతా పైన తిరిగే ఫ్యాను మీదే. ముప్పై ఒకటో ఎత్తు రాస్తున్నాను, ఫ్యాను ఆగిపోయింది. పుంగనూరు యంత్రం దీపాలు ఆరిపోయాయి. జ్వరమొచ్చిన బిడ్డ నుదుటి మీద వేసినట్టు ఆయన దానిమీద చెయ్యి వేశాడు.

నేను గోడవైపు చూశాను.

"అక్కా, తొందరపడొద్దు," అన్నాడు తమ్ముడు.

"నియమం నియమమే. నాలుగు ప్రకారం..."

"నాది కూడా మర్సిపోయిందమ్మా," అన్నాడు రైతు.

"అదెలా? మీది బ్యాటరీల మీద నడుస్తుంది కదా?"

ఆయన గుప్పిట విప్పాడు. అందులో నాలుగు బ్యాటరీలు. "ఇవి ఈడ ఉండాయి, అది ఆడ ఉండాది. దానికి ఎట్ల గుర్తుంటాది?"

"గెలిచే ఆట మీదేనయ్యా!"

"ఇట్ల గెలిసేదానికి ఇంత దూరం యాల రావాల? ఏనుగుల కోసరం కావిలి కూసునేవాణ్ణి, కరెంటు కోసరం కూసోలేనా? రానీ."

నాలుగో నియమం రెండుసార్లు చదివాను. 'మరచిపోతే' అని ఉందిగాని, ఎందువల్ల మరచిపోవాలో ఎక్కడా లేదు. రాసింది నేనే కాబట్టి వాదించడానికి కూడా మనిషి దొరకలేదు. చేతనైనంత గంభీరంగా ఐదో నియమం అమల్లోకి వచ్చిందని ప్రకటించాను. ఆ రైతు తల కూడా ఎత్తకుండా బ్యాటరీలను ఒక్కొక్కటే పంచెతో తుడుచుకుంటున్నాడు.

గంటంపావుకు కరెంటు వచ్చింది. నేను బళ్లో డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కో ఎత్తూ చదవడం, ఇద్దరూ నొక్కడం. మిగతా బల్లల ఆటలు ఎవరికీ పట్టలేదు, అందరూ ఇక్కడే మూగారు. మా తమ్ముడు స్విచ్చుబోర్డు దగ్గర కాపలా నిలబడ్డాడు (అక్కడ నిలబడితే కరెంటు పోదన్నట్టు). నలభై నాలుగో ఎత్తుకు పుంగనూరు రాజు మూలకు చిక్కాడు. ఆట కట్టు.

పుంగనూరు యంత్రం దీపాలన్నీ ఒక్కసారిగా ఆరాయి. ఆయన చటుక్కున పైకి చూశాడు. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. అంతలో దీపాలు ఒకటి తరువాత ఒకటి గళ్ల చుట్టూ వరసగా వెలుగుతూ తిరిగాయి, లోపలినుంచి సన్నగా ఒక పాట మొదలైంది.

"ఓడిపోతే పాట పాడతాదా ఇది!" అని అరిచి, మేమెవరం మాట్లాడకపోయినా ఆయనే అందరినీ ఉష్షని ఊరుకోబెట్టాడు. ఆ ముఖం చూస్తే గెలిచిందెవరో కొత్తవాళ్లు చెప్పలేరు.

పాట ఆగాక రైతు అడిగాడు: "ఇంగోసారి ఓడించేదా అప్పా?"

"ఓడించప్పా, నీకు పుణ్యముంటాది!"

సాయంత్రం ఫలితాలు సరిచూసుకుంటుంటే ఆ ఆట ముగిసిన సమయం వేయాల్సిన చోటు ఖాళీగా ఉంది. గడియారం పొద్దుటినుంచీ నా అరచేతిలోనే ఉంది. పాట వింటూ దాన్ని చూడనేలేదు. ఎవరినీ అడగలేదు, అంచనాకు ఏదో ఒకటి వేయనూ లేదు. అలా నోరు తెరుచుకుని నిలబడిపోయిన నాలోని ఆ నలభై ఆరేళ్ల మనిషి తరువాత నాకు పెద్దగా ఎదురుపడలేదు. పడితే, కూర్చోబెట్టి ఒక ఆట ఆడాలని ఉంది.