పూత మీద బేరం

మా అక్క ఇంట్లో కార్డు అంటే రేషన్ కార్డు. తర్వాత ఆధార్ కార్డు వచ్చి దాని పక్కన చేరింది. ఆ రెంటి మీదికి ఫుట్‌బాల్ కార్డుని మోసుకెళ్లినవాణ్ని నేను.

ఫుట్‌బాల్ ఆడాల్సిన వయసులో నేను ఆడలేదు. బంతి అంటే నాకు బాగా తెలిసింది భోజనాల బంతి; అందులో మాత్రం ఎప్పుడూ ముందు వరసలోనే ఉండేవాణ్ని. విజయనగరంలో కాలేజీ పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పుకుంటూ యాభై దాటాక, టీవీలో విదేశీ మ్యాచ్‌లు చూసే అలవాటు పట్టుకుంది. దాని తోకపట్టుకుని కార్డుల జబ్బు వచ్చింది. మెరిసే కాగితం పొట్లంలో ఆటగాళ్ల బొమ్మలున్న కార్డులు కొన్ని ఉంటాయి. ఎవరి బొమ్మ వస్తుందో చింపే దాకా తెలియదు. షాపులో సిగ్గేసి "మా మేనకోడలికండీ" అనేవాణ్ని. అన్నందుకు సగం పొట్లాలు ఆమెకే ఇవ్వాల్సి వచ్చేది.

మేనకోడలంటే, గరివిడి దగ్గర పల్లెలో ఉంటున్న మా అక్క కూతురు. ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. సాయంత్రాలు ఊళ్లో ఆడపిల్లల్ని పోగేసి, వాళ్ల నాన్న మామిడితోట పక్కనున్న బీడులో ఫుట్‌బాల్ నేర్పేది. గోల్‌పోస్టులంటే అటు రెండు సరుగుడు కర్రలు, ఇటు రెండు. పైన అడ్డకర్ర లేదు. తాడు కడితే గాలికి జారిపోయేది. బంతి లోపల్నించి పోయిందో, పైనించి పోయిందో తేలక ఆట కన్నా తగువే ఎక్కువసేపు నడిచేది. రెండు వైపులా ఇనుప గోల్‌పోస్టులు పెట్టించాలి. ఆ ఏడాది ఆమెకు ఇంకో కోరిక లేదు. వెల్డింగు షాపతను వచ్చి కొలతలు కూడా తీసుకుని వెళ్లాడు, ఇక పని మొదలుపెట్టమనడమే తరువాయి అన్నట్టు.

చలికాలంలో నేనిచ్చిన ఒక పొట్లంలోంచి ఆమెకు ఆ కార్డు వచ్చింది. ఐరోపాలో ఏదో పెద్ద జట్టు అప్పుడే చేర్చుకున్న కుర్రాడిది. మీసం ఇంకా ఆలోచనలోనే ఉంది. ఆటగాడి మొదటి ఏడాది కార్డుని రూకీ కార్డు అంటారు. రూకలు తెస్తుంది కనక రూకీ అని నేను చెప్పిన వ్యుత్పత్తికి మా మేనకోడలు నవ్వలేదు. ఆమె చూపంతా కార్డు కింద ఉన్న సంతకం మీదే ఉంది. అలా సంతకంతో వచ్చేవి చాలా అరుదట. ఫోన్లో కార్డులవాళ్ల గ్రూపులో ఫోటో పెట్టామో లేదో, అమ్ముతారా అంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

నాకు వింతనిపించిందేమిటంటే, ఆ కుర్రాడు పెద్ద జట్టుకి ఒక్క మ్యాచి కూడా పూర్తిగా ఆడి ఉండలేదు. గోల్ ఇంకా వెయ్యలేదు, గోల మాత్రం ఖండాలు దాటింది. ప్రాక్టీసులో అతను బంతి తన్నిన వీడియో ఒకటి బయటికొస్తే కార్డు ధర లేచేది. ఎవరో పాత ఆటగాడు "బాగున్నాడు" అన్నా లేచేది. దాదాపు ఇరవై ఏళ్లు ఆడి, కప్పులు గెలిచిన మహానుభావుడి కార్డు నా డబ్బాలో ఉంది. దాన్ని పలకరించే దిక్కు లేదు. ఆయన చేయగలిగిందంతా చేసేశాడు, అందరికీ తెలిసిపోయింది. ఈ కుర్రాడేం చేస్తాడో ఎవరికీ తెలియదు. ధరంతా ఆ తెలియనిదానికే.

ఈ సంగతి చెప్పి మా బావని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆయన చుట్ట ఆర్పకుండానే విన్నాడు.

"దీన్లో కొత్తేటుందిరా బామ్మర్దీ? పూత మీద బేరం కదేటి."

నిజమే. మా వైపు మామిడితోటల్ని పూత మీదే అమ్మేస్తారు. వ్యాపారి వచ్చి, పూతని తలెత్తి చూసి, కాపు ఎంత దిగుతుందో తన మనసులో ఊహించుకుని ధర చెబుతాడు. బయానా కింద కొంత చేతిలో పెడతాడు. మిగిలింది కాయ కోసేటప్పుడు. ఈలోగా పూత నిలిచినా, మంచుకి మాడినా అన్న మాట అన్నట్టే. మా బావ తాతల నాటి నుంచీ అంతే.

ఈ గోల నచ్చనిది మా మేనకోడలికి ఒక్కదానికే. పదిహేడేళ్లప్పుడు ఆమె కూడా కొంతకాలం పూతలో ఉంది. జిల్లా జట్టులో ఆడుతుంటే, రాష్ట్రానికి ఆడుతుంది, దేశానికి ఆడుతుందని సభ పెట్టి శాలువా కప్పారు. ఆ సభలో అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడింది నేనే. తర్వాత రాష్ట్ర జట్టు ఎంపికలో పేరు రాలేదు. అందరూ అడగడం మానేశారు, అంతే. కార్డులో కుర్రాణ్ని చూసి ఒకసారి అంది: "ఈడింకా ఆడనేదు మావయ్యా. అప్పుడే ఈడి నెత్తి మీద ఇంత బరువెట్టీసినారు."

అయినా గోల్‌పోస్టులు కావాలి. అమ్ముదామనే అనుకుంది.

నరసన్నపేటలో బట్టల కొట్టున్న ఒకాయన ఫోన్ చేశాడు. కార్డులంటే ప్రాణమట. అడిగిన డబ్బంతా పట్టుకుని బస్సులో వచ్చాడు. ఆ ధరకి ఒక వైపు గోల్‌పోస్టు వస్తుంది. రెండో వైపుది తర్వాత చూసుకోవచ్చని మేనకోడలు ఒప్పుకుంది. ఆ రోజు అక్కడితో అయిపోవాల్సిన సంగతి. కానీ ఇంట్లో ఏ బేరమైనా మాట్లాడేది మా బావే. ఆయన డబ్బంతా చూసి, అందులో కొంచెం మాత్రం తీసుకుని, మిగిలింది వెనక్కి తోశాడు.

"ఇది బయానా. మిగతాది కాపు దిగినాక ఇత్తురు గాని. కార్డప్పుడు అట్టుకెల్లండి."

కొట్టాయన నా మొహం చూశాడు. "కాపేటండి? కార్డుకి కాపేటి?"

"ఉగాది ఎల్లినాక రండి. పద్ధతి పద్ధతే."

నేను నోరు తెరిచేలోపే మా అక్క బయానాకి బొట్టు పెట్టి దేవుడి దగ్గర పెట్టేసింది. కార్డుకి కూడా పెట్టబోతే మేనకోడలు దాన్ని రెండు చేతులతో గుండెకి హత్తుకుని పెరట్లోకి పరుగెత్తింది. మచ్చ పడితే కార్డు చిత్తుకాగితం కిందే లెక్క. కొట్టాయన ఎలా వచ్చాడో అలాగే, డబ్బు సంచితో బస్సెక్కాడు.

ఫాల్గుణంలో కుర్రాడు గోల్ వేశాడు. ఆ తర్వాతి మ్యాచిలో మళ్లీ వేశాడు. కార్డుల గ్రూపు ఊగిపోయింది. కలకత్తా నుంచి ఒకతను చెప్పిన ధరకి రెండు వైపులా గోల్‌పోస్టులు, వాటికి వలలు కూడా వస్తాయి. మేనకోడలు ఫోన్ పట్టుకుని వాళ్ల నాన్న ఎదురుగా కూలబడింది.

"నాన్నా, ఆ బయానా తిరిగిచ్చీ. అటూ ఇటూ రెండూ వచ్చీస్తాయి."

"అదెలా ఇచ్చీమంటావే?"

"ఇది మాంటికాయి కాదు నాన్నా, కార్డు."

"గాలివానకి పూతంతా రాలిపోయిన ఏడు గుర్తున్నాదా? మొత్తం ఇచ్చీసి ఎల్నాడు ఏపారి. నానడగనేదు."

"ఆయన మాంటికాయిల ఏపారి. ఈ పేటోడు అలాటోడేటి? కార్డులో గుంటడు కాలిరగ్గొట్టుకుంటే ఈడు మళ్లీ ఇటేపు వస్తాడనుకున్నావా?"

"రాపోతే ఆడు రాడు. నువ్వు మాటిచ్చినావా నేదా?"

"నాను కాదు, నువ్విచ్చినావు."

మా బావ చుట్ట ఆర్పేశాడు. "నిజిమే. కార్డు నీది. నీ ఇష్టం," అని తువ్వాలు దులుపుకుని తోటలోకి వెళ్లిపోయాడు. ఆమె నా వైపు తిరిగింది. "నువ్వయినా సెప్పు మావయ్యా." ఇన్నేళ్లు క్లాసులో మాట తప్పని రాజుల కథలు చెప్పినవాణ్ని, అడగ్గానే చెప్పేస్తాననుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, "టీ పెట్టమ్మా, ఆలోచిద్దాం" అన్నదే.

ఉగాది వెళ్లిన వారానికి నరసన్నపేట ఆయన వచ్చాడు. అదే సంచి. చెప్పులు గుమ్మం బయటే కాదు, మెట్టు కింద విప్పాడు. కుర్చీలో కూర్చోలేదు.

"మీరియ్యరని తెల్సమ్మా," అన్నాడు. "మేచీ నానూ సూసినాను. మా ఇంటిది ఎల్లొద్దంది. ఓపాలి అడిగీసి ఎల్లిపోదామని వచ్చినాను."

మేనకోడలు కార్డు చేతిలో పట్టుకుని నిలబడింది. "ఒకటడుగుతాను, నిజిం సెప్పండి. ఈడు కాలిరగ్గొట్టుకుని, కార్డు ఎందుకూ పనికిరాకపోతే వచ్చీవోరేనా?"

తప్పకుండా వచ్చేవాణ్ననే అంటాడని నేననుకున్నాను. ఆయన తల గోక్కున్నాడు.

"తెల్దమ్మా. బస్సు కాంప్లెక్సు దాకా వచ్చీవోణ్నే. ఎక్కీవోణ్నో నేదో తెల్దు."

మా అక్క పక్కున నవ్వింది. మేనకోడలు నవ్వలేదు. పైన ప్లాస్టిక్ తొడుగు ఒకసారి చున్నీతో తుడిచి, కార్డుని ఆయన చేతిలో పెట్టింది. ఆయన డబ్బు సంచి ఆమెకందించి, కార్డుని రెండు చేతుల్తో, ప్రసాదం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పెరట్లోంచి మా బావ దగ్గు వినిపించింది. కలకత్తా ఆయనకి ఆమె ఏం రాసిందో నేను అడగలేదు.

ఎండలు ముదిరేసరికి ఆ కుర్రాడు వరసగా బెంచీ మీదే కనిపించాడు. గ్రూపులో అతని మాట తగ్గి, ఇంకో కొత్తవాడి మాట మొదలైంది. కార్డు అదే, బొమ్మ అదే, సంతకం అదే. పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ మారింది మన తలకాయల్లోనే. ఒకసారి ధర చూశాను. మళ్లీ చూడలేదు. ఆ వయసు పిల్లాడు బెంచీ మీద కూర్చుని ఏం ఆలోచిస్తున్నాడో అని మాత్రం అప్పుడప్పుడు అనిపిస్తుంది. సభలో అంతసేపు మాట్లాడినవాణ్ని కదా, ఆ తర్వాత మా మేనకోడల్ని ఆ మాట అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

ఇనుప గోల్‌పోస్టు ట్రాక్టరు మీద వచ్చింది. ఒకటే. పడమటి వైపు పాతారు. తూర్పున సరుగుడు కర్రలే. ఏ జట్టు ఏ వైపు ఆడాలన్న దాని మీద మొదటి రోజే కొట్లాట. ఇనుప వైపు గోల్ వేస్తే తగువుండదు గనక అందరికీ అటే తన్నాలని ఉంది. సగం ఆటకి వైపులు మార్చుకోవచ్చు కదా అని నేను సలహా ఇచ్చాను. ఆటలో ఎలాగూ మారుస్తారని ఒక చిన్నది నాకు జాలిగా చెప్పింది.

ఆట మొదలైన కాసేపటికి ఒక పిల్ల గట్టిగా తన్నింది. బంతి వెళ్లి పైకమ్మికి ఠంగుమని తగిలి వెనక్కొచ్చింది. అందరూ ఆగిపోయారు. పైనించి పోలేదు, లోపలికి పోలేదు, వాదించడానికి ఏమీ మిగల్లేదు. తన్నిన పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని కమ్మిని చూసింది, తూర్పున కర్రలను చూసింది.

"అటేపుది ఎప్పుడొస్తాదక్కా?"

మా మేనకోడలు నోట్లోంచి విజిల్ తీసింది. "ముందిటేపు గోలెయ్యవే. అటేపుది నాను సూస్తాను."