ఖాసిం సాబు దాక్కున్న జొన్నచేను

ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. మా సంఘం రికార్డుల్లో ఖాసిం సాబు పేరున ఒక పేజీ ఉంది. రేపు నేను లేకపోయినా అది ఉంటుంది, చదివినవాళ్ళు నమ్ముతారు. అందులో ఉన్నది అబద్ధం. రాసింది నేను. ఏళ్ళ తరబడి ఆ బరువు నా గుండెల మీదే ఉంది. మీకు చెప్పుకుంటున్నాను, కాస్త ఓపికతో వినండి.

మాది వనపర్తిలో చిన్న సంఘం. సంస్థానాల కాలంలో సిపాయిలుగా చేసినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇందులో సభ్యులు. గద్వాల నుంచీ, నాగర్‌కర్నూలు నుంచీ వస్తారు. ఏడాదికోసారి కూడి హాజరీ తీసుకుంటాం. సిపాయి పేరు పిలిస్తే ఆయన వంశంవాళ్ళు లేచి "హాజర్" అనాలి. తర్వాత ఆయన పేజీ చదువుతాం. మోకాళ్ళు పట్టుకుని అయినా సరే లేచి నిలబడే ముసలివాళ్ళను చూస్తే నాకు ఎంత ప్రేమో.

రికార్డులు రాసే పని నాది. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా నా సైకిల్ షాపు మూసేశాక గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నదే. చరిత్ర పుస్తకాలంటే ప్రాణం. సార్లకు తెలియనివి నాకు తెలుసని లోపల ఒక పొగరు. అబద్ధమెందుకు, ఇప్పటికీ కొంచెం ఉంది.

ప్రతి పేజీలో "చూపిన శౌర్యం" అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకూడదని మా పట్టింపు.

ఖాసిం సాబు కథ చెప్పింది ఆయన మనవరాలు, అమరచింత హుసేన్ బీ. పల్లీలు వలుస్తూ చెప్పింది.

"మా దాదా ఖజానా బండెంబడి పోతుండెనంట. దొంగలు పడంగనే తుపాకి ఆడ్నే ఇడ్సి జొన్నచేన్లకు ఉరికిండు. తెల్లారేదాంక బోర్ల పండుకున్నడు. తెల్లారినంక తనే పోయి సిపాయి బెల్టు ఇచ్చేసి, నౌకరీ ఇడ్సి ఇంటికొచ్చిండు. జొన్నాకులు గీసినయని నాకు చేతులు సూపెడుతుండె. గీతలెప్పుడో మానినయ్, అయినా సూపెడుతుండె. నేను ఉరకకపోతే నిన్నెవరు ఎత్తుకుంటుండె పోరీ, అని నవ్వుతుండె."

చెబుతూ ఆమె కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మాత్రం గడి ముందు పెన్ను పట్టుకుని ఆగిపోయాను. పారిపోయాడని ఎలా రాయను? నిండు సభలో ఆమె తల దించుకోవాలా? అప్పుడు అలా అనుకున్నాను. నిజంగా ఆమె పరువు కోసమేనా, లేక పుస్తకాల్లో చదివిన యుద్ధ వర్ణనలు నా చేతితోనూ ఒకసారి రాసి చూసుకోవాలన్న ఉబలాటమా అని ఇన్నేళ్ళుగా తరచి చూసుకుంటే, రెండోదే ఎక్కువని తేలుతోంది. దొంగలను ఒంటరిగా ఎదిరించి ఖజానా కాపాడిన వీరుడని రాశాను. బాగా రాశాను. అదే నా ఖర్మ.

సభలో చదివితే చప్పట్లు మోగాయి. హుసేన్ బీకి శాలువా కప్పారు. అందరూ భోజనాలకు లేచాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"నేను చెప్పింది గట్ల కాదు గద, కొడుకా."

"పుస్తకాలల్ల గిట్లనే ఉంది పెద్దమ్మా. లైబ్రరీల సూసిన."

అలాంటి పుస్తకం లేదు.

ఆమె శాలువా అంచు మడుస్తూ నిలబడింది. "అయితే మా దాదా నాకు అబద్ధం చెప్పిండా?"

"చిన్నపోరివని నవ్వించనీకి చెప్పిండేమో."

"సదువుకున్నోనివి. నీకే ఎర్క ఉంటది," అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె నోట జొన్నచేను మాట రాలేదు. నాకు రొట్టెలు కట్టి పంపేది, షాపు ముందు ఆగి యోగక్షేమాలు అడిగేది, దాదా మాట మాత్రం ఎత్తేది కాదు. నేను నిజం చెప్పేస్తే పోయేది. ఎందుకు చెప్పలేదు? సదువుకున్నోనివి అంది కదా. ఆ మాట పోగొట్టుకోలేకపోయాను. అలా ఉండగానే ఆమె కన్నుమూసింది.

మొన్న ఆమె మనవరాలు రేష్మ పోలీసు ట్రైనింగు మధ్యలో వదిలి వచ్చిందని తెలిసి చూడబోయాను. గోడకు నేను రాసిన పేజీ నకలు ఫ్రేము కట్టి ఉంది. "భయమైంది కాకా," అంది రేష్మ. "గంత పెద్ద వీరుని ఇంట్ల పుట్టి గిట్ల ఉరికొచ్చిన." రెండు వారాలుగా గడప దాటలేదట.

ఆ ఫ్రేము కిందే కూర్చుని అంతా చెప్పాను. తుపాకి, చేను, మానిపోయిన గీతలు, ఆయన నవ్వు. తర్వాత నా అబద్ధం. రేష్మ తలెత్తి ఫ్రేము వైపు చూసింది.

"దాదీకి చెప్పినవా?"

"లేదు బిడ్డా."

"పోయేదాంక వాళ్ళ దాదా అబద్ధమాడిండనే అనుకున్నది గద."

నేను లేచాను. రేష్మ వాకిలి దాకా వచ్చి, "రాసి పెట్టు కాకా," అంది. మళ్ళీ ట్రైనింగుకు పోతుందో లేదో నేను అడగలేదు.

అందుకే రాశాను. పాత పేజీ చింపలేదు. చింపితే నా తప్పు కూడా మాయమవుతుంది. ఈ కాగితాన్ని దాని పక్కనే కుడుతున్నాను. క్షమాపణ దొరకలేదు, దొరకదు. ఊపిరి మాత్రం ఆడుతోంది.

రాయడానికి బల్ల, వెలుతురు ఇచ్చిన లైబ్రేరియన్ రాములు సారుకు, ఇది చదివి కూడా రికార్డులు నా చేతిలోనే ఉంచిన సంఘం అధ్యక్షుడు నర్సింహారెడ్డి గారికి, తలుపు తీసిన రేష్మకు నా కృతజ్ఞతలు. నన్ను నమ్మి వాళ్ళ దాదాను నా చేతిలో పెట్టిన హుసేన్ బీకి కూడా. ఆమె నాకు సరిగ్గానే చెప్పింది.